తెగిన వేళ్ళతో గిటారు పట్టేవాళ్ళకు: టోనీ అయోమీ చూపిన దారి

నా ఎడమచేతి ఉంగరపు వేలు పై కణుపు లేదు. నడిమి వేలు గోరు సగం వరకే ఉంది. 2004లో విజయవాడ ఆటోనగర్‌లో వాహనాల బాడీలు కట్టే ఒక షెడ్డులో, రేకులు నొక్కే పవర్ ప్రెస్సు మీద పోయాయి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. అంతకు మూడేళ్ళ ముందు నుంచే మా చర్చిలో ఆదివారం ఆరాధనకు గిటారు వాయించేవాణ్ణి. ఇప్పటికీ వాయిస్తున్నాను. మధ్యలో పద్నాలుగు నెలలు మాత్రం గిటారు బీరువా వెనక గోడకు ఆనుకుని ఉండిపోయింది.

పోయిన నెల ఒక కుర్రాడు మా ఇంటికొచ్చాడు. చెయ్యి జేబులో పెట్టుకునే మాట్లాడాడు. చాలాసేపటికి బయటికి తీసి, "అన్నా, ఈ వేలుతో కార్డు పట్టొచ్చా?" అని అడిగాడు. కార్డంటే గిటారు మీద కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం. ఆ రోజు వాడికి రెండు గంటలు కూర్చుని చెప్పాను. వెళ్ళాక ఆలోచిస్తే, ఇలాంటి వేళ్ళు మన చుట్టూ చాలా ఉన్నాయి. ప్రెస్సులో పోయినవి, వడ్రంగి రంపంలో పోయినవి, చెరుకు గానుగలో పోయినవి, గడ్డి కోసే మిషన్లో పోయినవి. అందరికోసం ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నేను కనిపెట్టింది తక్కువ. చాలావరకు బర్మింగ్‌హామ్‌లో ఒక రేకుల ఫ్యాక్టరీ కుర్రాడు 1965లో తన ఇంట్లో కూర్చుని కనిపెట్టుకున్నదే.

ఆ కుర్రాడి పేరు టోనీ అయోమీ. బ్లాక్ సబ్బాత్ బ్యాండు గిటారిస్టు. హెవీ మెటల్ అని ఇవాళ పిలుస్తున్న సంగీతంలో గిటారుకు ఆ బరువు ఆయన చేతుల్లోంచే వచ్చిందని ఆ సంగీతం వాయించేవాళ్ళు చెప్పుకుంటారు. ఆ బరువు ఎందుకు వచ్చిందో తెలిస్తే మన పని సగం అయినట్టే. అందుకే ముందు ఆయన కథ, తర్వాత పని.

1948 ఫిబ్రవరి 19న బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. ఇటలీ నుంచి వచ్చిన కుటుంబం, ఒక్కడే కొడుకు. ఆస్టన్ అనే పేటలో అమ్మానాన్నలు కొట్టు నడిపేవాళ్ళు. ఇంట్లో వాళ్ళ వాద్యం అకార్డియన్, ఆయనా దాంతోనే మొదలుపెట్టాడు. షాడోస్ బ్యాండులో హ్యాంక్ మార్విన్ వాయింపు విన్నాక మనసు గిటారు మీదికి పోయింది. ఎడమచేతి వాటం మనిషి. కాబట్టి ప్లెక్ట్రం (తీగలు మీటే చిన్న బిళ్ళ) ఎడమచేతిలో, తీగలు నొక్కేది కుడిచేత్తో. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

పదిహేడేళ్ళ వయసులో రేకుల ఫ్యాక్టరీలో పని. జర్మనీ వెళ్ళబోతున్న ఒక బ్యాండులో చోటు దొరికింది, ఉద్యోగం మానేస్తున్నాడు. ఆఖరి రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇంక వెళ్ళనన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. మొదలుపెట్టిన రోజు పూర్తిచేసి రమ్మంది. వెళ్ళాడు. ప్రెస్సు మీద రోజూ ఉండే మనిషి ఆ పూట రాలేదు. అలవాటు లేని ఆ మిషను మీద ఈయన్ని నిలబెట్టారు. ప్రెస్సు కిందికి దిగింది, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు, కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు కొనలు అక్కడే ఉండిపోయాయి. తీగలు నొక్కే చెయ్యి అది.

ఇది నేను మొదటిసారి చదివింది 2005లో, బెంజి సర్కిల్ దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్లో. చదవడం ఆపి చాలాసేపు నా చెయ్యి చూసుకున్నాను. నన్నూ ఆ రోజు నాది కాని మిషను మీదే పెట్టారు. షెడ్డుల్లో ఉన్న తమ్ముళ్ళకు ఒక్క మాట: డై (అచ్చు) మార్చడం, పెడల్ దెబ్బ, రెండు చేతులతో నొక్కితేనే కదిలే బటన్ లేని ప్రెస్సు, ఇవన్నీ మీకు చూపించకుండా ఎవరైనా "ఒక్క గంట చూసుకోరా" అంటే కుదరదని చెప్పండి. ఆ ఒక్క గంటలోనే పోతాయి.

ఆస్పత్రిలో డాక్టర్లు ఇక గిటారు సంగతి మర్చిపొమ్మన్నారు. ఇంటి దగ్గర దిగులుగా ఉంటే ఫ్యాక్టరీ మేనేజరు ఒక రికార్డు పట్టుకొచ్చాడు. జాంగో రైన్‌హార్ట్ వాయించిన గిటారు. విన్నాక అసలు సంగతి చెప్పాడు: జాంగోకు 1928లో బండిలో నిప్పంటుకుని ఎడమచెయ్యి కాలింది, రెండు వేళ్ళు పనికిరాకుండా పోయాయి, నువ్వు విన్నదంతా మిగిలిన రెండు వేళ్ళతో వాయించిందే. అయోమీ లేచింది అక్కడే. మీరూ జాంగోను ఒకసారి వినండి. ఎవరు వాయిస్తున్నారో ముందే తెలిసి విన్నా నమ్మబుద్ధి కాదు.

ముందు వేలును సిద్ధం చేసుకోవాలి

గాయం పూర్తిగా మానకుండా, కుట్ల చోట చర్మం గట్టిపడకుండా తీగ ముట్టుకోవద్దు. ఎప్పుడు ముట్టుకోవచ్చో మీ డాక్టరే చెప్పాలి. మానాక ఇంకో కష్టం ఉంటుంది, అది ఎవరూ ముందు చెప్పరు. తెగిన కొనకు దుప్పటి తగిలినా ప్రాణం పోయినట్టుంటుంది. నరం కొన అక్కడ మొద్దుగా ఆగిపోవడం వల్ల అలా అవుతుంది. మా వార్డులో ఫిజియోథెరపీ చూసే ఆమె నాకు నేర్పిన పద్ధతి ఇది. మొదటి రోజుల్లో దూదితో వేలి కొనను మెల్లగా రాయాలి. అది అలవాటయ్యాక మెత్తటి బట్ట, తర్వాత తువ్వాలు. ఆ తర్వాత స్టీలు గిన్నెలో బియ్యం పోసి చెయ్యి అందులో ముంచి వేళ్ళు కదపాలి. రోజుకు నాలుగైదు సార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు. చివరికి బల్ల మీద వేలు కొనతో టకటకా కొట్టాలి. మనసు ఆ చోటును తన వేలే అని మళ్ళీ ఒప్పుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. నొప్పి తగ్గకుండా కరెంటు షాకులాగా పైకి పాకుతుంటే ఊరుకోవద్దు, చేతి సర్జన్‌కు చూపించండి.

ఈ నెలల్లోనే చిటికెన వేలికి పని చెప్పాలి. అయోమీకి ఆ చేతిలో పూర్తిగా మిగిలినవి చూపుడు వేలు, చిటికెన వేలు. ఆయన వాయింపు బరువు చాలావరకు ఆ రెంటి మీదే ఉంది. మంచివేళ్ళున్నవాళ్ళు చిటికెన వేలును ముద్దుగా వదిలేస్తారు. మనకది కుదరదు. మెత్తటి బంతిని చిటికెన వేలు, బొటనవేలు మధ్య పెట్టి నొక్కుతూ ఉండండి.

ఏ చేత్తో?

ఇది అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. తెగినది తీగలు నొక్కే చేతివైతే, గిటారు తిప్పి పట్టుకుని రెండో చేత్తో నొక్కడం నేర్చుకోవచ్చు. ప్లెక్ట్రం పట్టడానికి బొటనవేలు, చూపుడు వేలు ఉంటే చాలు. అయోమీ కూడా తర్వాత్తర్వాత, అప్పుడే చేతులు మార్చేసి ఉండాల్సిందేమో అన్నాడు. కానీ అప్పటికి రెండు మూడేళ్ళు నేర్చుకున్నది వదులుకోవడం ఆ వయసులో పెద్ద నష్టంగా కనిపించిందట.

నా అభిప్రాయం చెప్తాను. ఏడాదిలోపు నేర్చుకున్నవాళ్ళయితే, లేదా ఇంకా మొదలుపెట్టనివాళ్ళయితే, చెయ్యి మార్చెయ్యండి. మొదటి ఆరు నెలలు అందరికీ ఒకటే కష్టం. అయితే ఎడమచేతి గిటార్లు మన ఊళ్ళలో కొట్టుకెళ్తే దొరకవు, తెప్పించుకోవాలి, ధరా ఎక్కువే. కుడిచేతి గిటారుకే తీగలు తారుమారు చేసి కట్టించుకోవచ్చు కానీ నట్టు (గిటారు తల దగ్గర తీగలు కూర్చునే గాళ్ళ పట్టీ) కూడా మార్పించాలి, లేకపోతే లావు తీగ సన్నటి గాడిలో కూర్చోదు. మూడేళ్ళు దాటి వాయించినవాళ్ళు పాత చేత్తోనే ఉండండి. నేను ఉన్నాను. విచారం లేదు.

తొడుగు

పాత చేత్తోనే అనుకుంటే వేలికి తొడుగు కావాలి. టైలర్లు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే టోపీ లాంటిది. అయోమీ చేసింది ఇలా. గిన్నెలు తోమే సబ్బునీళ్ళ ప్లాస్టిక్ సీసా తీసుకుని కరిగించి ఉండ చేశాడు. ఉండ చల్లారాక వేడి సోల్డరింగ్ ఐరన్‌తో వేలు దూరేంత బెజ్జం పెట్టాడు. గరుకు కాగితంతో గంటల తరబడి రుద్ది వేలికొన ఆకారానికి తెచ్చాడు. వట్టి ప్లాస్టిక్ తీగ మీద జారిపోతుంది, అందుకని పాత తోలు జాకెట్టులోంచి ముక్క కోసి అతికించాడు. అరవై ఏళ్ళుగా ఆ చేతికి అలాంటి తొడుగులే.

ప్లాస్టిక్ సీసా కరిగించే పని మీరు పెట్టుకోవద్దు. పొగ మంచిది కాదు, చేతికంటుకుంటే ఊడదు. నా మొదటి తొడుగు అలాగే చేశాను, కుడిచెయ్యి కూడా కాలింది. ఇప్పుడు వేడినీళ్ళలో మెత్తబడే ప్లాస్టిక్ గుళికలు దొరుకుతున్నాయి. దాదాపు 60 డిగ్రీలకే ముద్దయిపోతాయి. నేను చేసే వరుస చెప్తాను.

తెగిన వేలికి ముందు పలచటి కాటన్ టేపు ఒక చుట్టు చుట్టండి. ఈ ఖాళీ కావాలి, వాయించేటప్పుడు వేలు ఉబ్బుతుంది. గుళికలు వేడినీళ్ళలో వేసి, తెల్లటివి అద్దంలా అయ్యాక చెంచాతో తీసి, కొద్దిగా ఆరనిచ్చి, ముద్దను వేలి మీద టోపీలా నొక్కండి. కొన చదరంగా రాకూడదు, గుండ్రంగా ఉండాలి, అరచేతివైపు కొంచెం మందం ఎక్కువ ఉండాలి. గట్టిపడేలోపు రెండుసార్లు తీసి తొడగండి, లేకపోతే బిగుసుకుపోతుంది. చన్నీళ్ళలో పడేయండి. ఆ తర్వాత ఆకురాయి, చివర్న గరుకు కాగితం. పొడవు విషయంలో ఆశపడొద్దు. పోయిన వేలంత పొడవు చేయాలనిపిస్తుంది. నేనూ చేశాను. పొడుగు తొడుగు తీగ మీద ఊగుతుంది. పక్క వేలు కన్నా తక్కువే ఉండనివ్వండి.

తోలు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, స్వరం తేలేది అక్కడే. కొత్త తోలు తీగను పట్టేసుకుంటుంది, వేలు జరపబోతే గీకుడు శబ్దం వస్తుంది. మరీ నున్నటిది జారిపోతుంది. వాడి వాడి అరిగిన పర్సు తోలు, పాత బెల్టు లోపలివైపు తోలు నాకు బాగా పనికొచ్చాయి. ఒక మిల్లీమీటరు మందం దాటొద్దు. చెప్పులు కుట్టేవాళ్ళు వాడే రబ్బరు బంకతో అతికించి రాత్రంతా బట్టల క్లిప్పు పెట్టి ఉంచండి. అంచులు కొనకు వెనక్కి మడవండి, ముందుకు వదిలితే తీగకు తగులుకుని లేస్తాయి. మొదటి వారం శబ్దం బాగుండదు. తోలు తీగల గుర్తులు పడి, నున్నబడి, నల్లబడ్డాక మీ వేలు మీకు దొరికినట్టే. బాగా కుదిరిన తోలు ముక్కను నేను ఊడిందాకా మార్చను.

తొడుగులో స్పర్శ ఉండదు. తీగ మీద వేలు ఎక్కడుందో, ఎంత గట్టిగా నొక్కుతోందో తెలియదు. తెలియక అందరం గట్టిగా నొక్కుతాం. గట్టిగా నొక్కితే స్వరం పైకి పోతుంది. దీనికి నేను కనుక్కున్న సాధన ఒకటుంది: ఫోనులో శ్రుతి చూపించే ట్యూనర్ పెట్టి ఎదురుగా ఉంచండి. ఒక్కో ఫ్రెట్టు (గిటారు మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గర తొడుగు వేలితో నొక్కి మీటండి. ముల్లు మధ్య గీత దాటి కుడివైపు పోతే ఎక్కువ నొక్కుతున్నారన్నమాట. ముల్లు నిలబడేదాకా వదులు చేస్తూ రండి. వేలు చెప్పలేనిది కన్ను చెప్తుంది, కొన్నాళ్ళకు చెవి చెప్తుంది. రోజూ పది నిమిషాలు, మూడు నెలలు.

తీగలు, శ్రుతి

ఇక్కడే అయోమీ చరిత్ర మార్చాడు. తొడుగు వేసుకున్నా మామూలు తీగలు నొక్కలేకపోయాడు, నొప్పి. అప్పట్లో సన్నటి గిటారు తీగల సెట్లు కొట్లలో లేవు. బ్యాంజో తీగలు కొని గిటారుకు కట్టుకున్నాడు. తీగల కంపెనీలను అడిగితే అలాంటివి ఎవరూ కొనరన్నారు. చివరికి 1970ల మొదట్లో వేల్స్‌లోని పికాటో అనే కంపెనీ ఆయన కోసం సన్నటి సెట్టు చేసింది.

మనకిప్పుడు ఆ బాధ లేదు. ఎలక్ట్రిక్ గిటారుకు 9 నంబరు సెట్టు ఏ కొట్లోనైనా ఉంటుంది, 8 నంబరు తెప్పించుకోవచ్చు. నంబరంటే సన్నటి తీగ మందం, అంగుళంలో వెయ్యోవంతుల్లో. తీగ బిగువు మందం వర్గాన్ని (మందాన్ని మందంతో గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది. 10 బదులు 9 కడితే ఆ తీగ బిగువు 19 శాతం తగ్గుతుంది, 8 కడితే 36 శాతం. ఒక్క నంబరు తేడాకు ఇంత ఉంటుందని నాకు చాలా ఏళ్ళు తెలియదు. కరెంటు లేని అకూస్టిక్ గిటారుకు సాధారణంగా 11 లేదా 12 కడతారు. మీ దగ్గర అదే ఉంటే దాన్ని తమ్ముడికో చెల్లెలికో ఇచ్చి, వాడిన ఎలక్ట్రిక్ గిటారు ఒకటి చూసుకోండి. ఈ ఒక్క ఖర్చూ వెనకాడకుండా పెట్టండి.

గిటారు కొనేటప్పుడు తీగ పొడవు కూడా చూడండి. నట్టు నుంచి బ్రిడ్జి (కింద తీగలు ఆనే పట్టీ) దాకా ఫెండర్ కంపెనీ తరహా గిటార్లలో 648 మిల్లీమీటర్లు, గిబ్సన్ తరహావాటిలో దాదాపు 628. పొట్టిదానిలో అదే శ్రుతికి బిగువు ఆరు శాతం తక్కువ, ఫ్రెట్లూ దగ్గర దగ్గర. అయోమీ వాడే గిబ్సన్ ఎస్‌జీ పొట్టి రకమే. అది ఆయన చేతికొచ్చిన తీరు చెప్పాలి. బ్లాక్ సబ్బాత్ మొదటి రికార్డు 1969 అక్టోబరులో లండన్‌లో ఒక్క రోజులో వాయించారు. ఆయన తెచ్చుకున్నది ఫెండర్ స్ట్రాటోకాస్టర్. ఒక పాట అయ్యేసరికి దాని పికప్ (తీగ శబ్దాన్ని పట్టే భాగం) పోయింది. పక్కనున్న ఎస్‌జీ తీసి మిగతా రికార్డంతా దాంతోనే కానిచ్చాడు. ఆ తర్వాత ఎస్‌జీ రకాన్ని వదల్లేదు.

ఇక శ్రుతి దించడం. 1971లో వచ్చిన మూడో ఆల్బం 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో కొన్ని పాటలకు గిటారు శ్రుతి మూడు అరస్వరాలు (అరస్వరమంటే ఒక ఫ్రెట్టు తేడా) కిందికి దించాడు. తీగలు వదులైతే తొడుగు వేళ్ళకు తేలిక. వాళ్ళ బ్యాండులో గీజర్ బట్లర్ తన బేస్ గిటారు కూడా దాంతోపాటు దించాడు. 'చిల్డ్రన్ ఆఫ్ ద గ్రేవ్', 'ఇన్‌టు ద వాయిడ్' వినండి, నేల కిందనుంచి వస్తున్నట్టుంటుంది. వేళ్ళ నొప్పి తప్పించుకోవడానికి చేసిన పని శబ్దానికి కొత్త లోతు ఇచ్చింది. వినేవాళ్ళు ఆ లోతునే పట్టుకున్నారు, వెనకాల వచ్చిన వందల బ్యాండ్లు మంచి వేళ్ళతోనే శ్రుతి దించుకున్నాయి.

మూడు అరస్వరాలు దిగితే తీగ బిగువు సుమారు 29 శాతం తగ్గుతుంది. రెండు దిగితే 21 శాతం. మూడు దించినప్పుడు లావు తీగ నుంచి సన్నతీగ దాకా వరుసగా సి షార్ప్, ఎఫ్ షార్ప్, బి, ఇ, జి షార్ప్, సి షార్ప్. మొదట రెండే దించి ఒక నెల చూడండి. దించాక నెక్కు (గిటారు మెడ) కొంచెం వెనక్కి వాలుతుంది, తీగలు ఫ్రెట్లకు తగిలి జుయ్యిమంటాయి. నెక్కు లోపలి రాడ్‌ను అలెన్ కీతో పావు తిప్పు వదులు చేసి, ఒక రోజు ఆగి చూడాలి. పావు కన్నా ఎక్కువ ఒక్కసారి తిప్పొద్దు. చేతకాకపోతే గిటారు బాగుచేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి, అరగంట పని.

"కీబోర్డుతో కలిసి వాయించాలి కదా, శ్రుతి దించితే ఎలా?" అని కుర్రాడు అడిగాడు. రెండు దించి, రెండో ఫ్రెట్టు మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే క్లిప్పు) పెట్టండి. శ్రుతి మామూలుదే అవుతుంది, తీగ మాత్రం వదులుగానే ఉంటుంది, చెయ్యి నడిచే చోట ఫ్రెట్లు కూడా దగ్గరవుతాయి. ఆదివారాలు నేను చేసేది ఇదే. 

వాయించడం

అన్ని కార్డులూ పట్టాలని పంతం వద్దు. అయోమీ పట్టలేని కార్డుల కోసం ఏడుస్తూ కూర్చోలేదు, పట్టగలిగినవాటితో శబ్దం నింపే దారి వెతికాడు. రెండే స్వరాలు: షడ్జమం, పంచమం. తంబూరాలో మోగేవే. చూపుడు వేలు స మీద, చిటికెన వేలు ప మీద, రెండు పక్కపక్క తీగలు, మిగతావి మోగకుండా చూపుడు వేలు వాల్చి ఆపాలి. దీన్నే పవర్ కార్డు అంటారు.

రెండు స్వరాలకే అంత నిండుదనం ఎందుకంటే, స-ప కంపనాల లెక్క 2కు 3. ఆంప్‌లో (శబ్దం పెంచే పెట్టె) శబ్దం చీలేలా పెంచినప్పుడు ఆ రెండు స్వరాల తేడా కూడా ఒక స్వరంగా పుడుతుంది. 3లో 2 పోతే 1. అంటే మీరు మీటిన స కన్నా ఒక స్థాయి కింద ఇంకో స, ఎవరూ మీటకుండానే మోగుతుంది. లావు తీగ ఇ స్వరం 82.4 హెర్ట్జ్ అయితే కింద 41.2 వినిపిస్తుంది. గాంధారం కలిపి మూడు స్వరాల కార్డు అదే చీలిన శబ్దంలో వాయిస్తే గజిబిజి అవుతుంది. కాబట్టి రెండు వేళ్ళు చాలే చోట మనం ఎవరికీ తక్కువ కాదు.

అభ్యాసానికి వాళ్ళ బ్యాండు పేరే ఉన్న మొదటి పాట మొదలు వినండి. మూడే స్వరాలు: స, పై స, ఆ తర్వాత ప్రతి మధ్యమం. యూరప్‌లో ఆ అంతరానికి పాతకాలం నుంచి దయ్యం అంతరమని పేరు. మన కల్యాణిలో అదే ప్రతి మధ్యమం ఎంత కమ్మగా ఉంటుందో మీకు తెలుసు. అక్కడ గాంధారం, పంచమం రెండుపక్కలా చెయ్యి పట్టుకుని నడిపిస్తాయి. ఈయన దాన్ని ఒంటరిగా, మెల్లగా, ఆసరా లేకుండా వదిలేశాడు, అందుకే వినేవాడికి వెన్ను జల్లుమంటుంది. మూడో స్వరం దగ్గర ఆయన వేలు ఆడిస్తాడు చూడండి, ట్రిల్ అంటారు. తీగను సాగదీసే పని కష్టమైన వేళ్ళకు ట్రిల్ మంచి స్నేహితుడు. చూపుడు వేలు నొక్కి ఉంచి, చిటికెన వేలితో పై ఫ్రెట్టును టపటపా కొట్టడమే. ముందు మెల్లగా, గడియారం టిక్కుకు రెండు దెబ్బలు. ఆ తర్వాత నాలుగు.

తొడుగు వేళ్ళకు ఏ పని ఇవ్వాలంటే, నిలిచి ఉండే స్వరాలు. పరుగులు చూపుడు, చిటికెన వేళ్ళకు వదలండి. తీగ సాగదీయాల్సి వస్తే తొడుగు వేలు వెనక చూపుడు వేలును కూడా ఆసరా పెట్టి రెండూ కలిపి తొయ్యండి.

రోజూ ఒకే వేళకు

1968 చివర్లో అయోమీ కొన్ని వారాలు జెత్రో టల్ అనే బ్యాండులో చేరాడు. రోలింగ్ స్టోన్స్ బ్యాండువాళ్ళు ఆ డిసెంబరులో తీసిన 'రాక్ అండ్ రోల్ సర్కస్' కార్యక్రమంలో జెత్రో టల్‌తో కనిపిస్తాడు. అక్కడ నాయకుడు ఇయన్ ఆండర్సన్ బ్యాండును ఉద్యోగంలా నడపడం చూశాడు. పొద్దున్నే సాధన, టైముకు రావడం. ఇమడలేక తన పాత స్నేహితులు గాయకుడు ఓజీ ఆస్బోర్న్, గీజర్ బట్లర్, డ్రమ్ములు వాయించే బిల్ వార్డ్ దగ్గరికే తిరిగొచ్చాడు కానీ ఆ పద్ధతి వెంట తెచ్చాడు. అందరినీ ఉదయం తొమ్మిదికి లేపి సాధనకు పట్టుకెళ్ళేవాడు. ఏడాది తిరక్కుండానే బ్లాక్ సబ్బాత్ అయ్యారు. 1970 ఫిబ్రవరిలో మొదటి ఆల్బం, అదే సెప్టెంబరులో రెండోది 'పారనాయిడ్', బ్రిటన్‌లో మొదటి స్థానం.

మన వేళ్ళకు ఈ వేళాపాళా మరీ ముఖ్యం. తెగిన కొన పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. చలికాలం బిగుసుకుపోతుంది. గోరువెచ్చటి నీళ్ళలో ఐదు నిమిషాలు పెట్టి మొదలుపెట్టండి. ఇరవై నిమిషాలు వాయించి తొడుగు తీసి చూడండి. ఎర్రబడితే ఆపాలి, చర్మం పగిలితే ఆ వారం వద్దు. నేను పని నుంచి వచ్చి స్నానం చేశాక, రాత్రి ఎనిమిదికి కూర్చుంటాను.

దిగులు పుట్టిన రోజుల్లో ఆయన కథలో తర్వాతి భాగం గుర్తు చేసుకుంటాను. 1979లో ఓజీ బయటికి వెళ్ళాడు, రానీ జేమ్స్ డియో వచ్చాడు, 1980లో 'హెవెన్ అండ్ హెల్' వచ్చింది. మనుషులు వస్తూ పోతూ ఉన్నారు, బ్లాక్ సబ్బాత్ ప్రతి ఆల్బంలోనూ ఉన్నది అయోమీ ఒక్కడే. 2012లో క్యాన్సరని తేలింది. వైద్యం చేయించుకుంటూనే ఓజీ, గీజర్‌లతో కలిసి '13' ఆల్బం చేశాడు, 2013లో అది అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానానికి వెళ్ళింది. 2025 జూలై 5న ఆస్టన్‌లోని విల్లా పార్క్ మైదానంలో, పెరిగిన పేటలోనే, మొదటి నలుగురూ కలిసి చివరిసారి వాయించారు. ఆయనకు 77 ఏళ్ళు, చేతికి అవే తొడుగులు. ఓజీ కూర్చునే పాడాడు. పదిహేడు రోజులకు చనిపోయాడు. ఆ కచేరీ నేను ఫోనులో చూశాను. పాటల కన్నా ఎక్కువగా ఆ కుడిచేతినే చూశాను.

ఆ బ్యాండువాళ్ళ మెళ్ళలో సిలువలు చూసి మా చర్చిలో ఒకరిద్దరు అడుగుతుంటారు. మొదట్లో వాటిని ఓజీ తండ్రి తను పనిచేసే ఫ్యాక్టరీలో లోహంతో చేసిచ్చాడు. ఫ్యాక్టరీలో పనిచేసే చేతులు చేసినవని తెలిశాక నాకు అవి ఇంకా ఇష్టమయ్యాయి.

చివరగా సంచీలో ఏం ఉండాలో. తొడుగులు రెండు జతలు, ఒకటి జేబులోనే. పాట మధ్యలో ఊడి స్పీకర్ల కిందికి దొర్లిపోవడం నాకు రెండుసార్లు జరిగింది. కాటన్ టేపు చుట్ట, చిన్న కత్తెర, కోసి ఉంచిన తోలు ముక్కలు, బంక. చెమటకు తొడుగు జారితే టేపు ఇంకో అర చుట్టు చుట్టండి, అంతే, రక్తం ఆగేలా బిగించొద్దు.

ఆ కుర్రాడి తొడుగు ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. చూపుడు వేలుది, పొట్టిగా చేశాను. పర్సు తోలు అతికించి క్లిప్పు పెట్టాను, బంక ఆరుతోంది. ఆదివారం ఆరాధన అయ్యాక వస్తానన్నాడు.